హౌ ఫార్?

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మొన్న ఆదివారం నా టికెట్ కాగితం పట్టుకొని వంటింట్లోకి వచ్చి, "నాన్నా, ఇంటికి రావాలంటే నీకు అంత బద్ధకమా?" అని నిలదీసింది.

విషయం ఏంటంటే, నేను ఏడాదికి నాలుగైదుసార్లు నైరోబీ నుంచి లాగోస్ వెళ్తుంటాను. పౌచ్ ప్యాకింగ్ మెషీన్లకు సర్వీస్ చేయడం నా ఉద్యోగం. ఇల్లు నైరోబీలో, మా కంపెనీ మెషీన్లలో సగం నైజీరియాలో. టికెట్ మీద ఇలా ఉంది: నైరోబీలో 07:00కి బయలుదేరి లాగోస్‌లో 10:10కి దిగుతాను. నాలుగు రోజుల తర్వాత లాగోస్‌లో 12:30కి ఎక్కి నైరోబీలో 19:30కి దిగుతాను. అంటే వెళ్లడానికి మూడు గంటల పది నిమిషాలు, రావడానికి ఏడు గంటలు. తీసివేతలు దానికి బాగానే వచ్చు. తప్పు దానిది కాదు.

"రెండూ ఐదు గంటలేనమ్మా" అన్నాను. నమ్మలేదు. సరే అని గ్లోబు తీసుకుని కూర్చున్నాం. ఆ రోజు సాయంత్రం దానికి చెప్పినవీ, దానికి చెప్పడం కుదరనివీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు దూరం. మా ఇంట్లో ఉన్నది ముప్పై సెంటీమీటర్ల గ్లోబు. భూమధ్యరేఖ చుట్టూ దారం తిప్పి కొలిస్తే 94 సెంటీమీటర్లు వచ్చింది. అసలు భూమి నడుం చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, ఓ డెబ్బై ఐదు ఎక్కువ. అంటే గ్లోబు మీద ఒక్కో సెంటీమీటరూ 425 కిలోమీటర్లన్నమాట. నైరోబీ మీద దారం ఒక కొస పెట్టి, రెండో కొస బిగించి లాగోస్ దాకా లాగితే తొమ్మిది సెంటీమీటర్లు. గుణిస్తే 3,825. ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని కంప్యూటర్ వేసే లెక్క 3,830. కుట్టుపని డబ్బాలోంచి తీసిన దారం అంతదగ్గరికి వస్తుందని నేనూ అనుకోలేదు. మా అమ్మాయి నాకంటే కంప్యూటర్ని ఎక్కువ అనుమానిస్తుంది కాబట్టి, దారం సరిపోయాక కంప్యూటర్ కూడా రైటేనని ఒప్పుకుంది.

విమానం దూరం అంటే అదే, బిగించిన దారం. గుండ్రటి వస్తువు మీద రెండు చుక్కల మధ్య అంతకంటే దగ్గరి దారి లేదు. గోడకు వేలాడే మ్యాపు మీద ఈ దారాలు చాలా చోట్ల విల్లులా వంగి కనిపిస్తాయి. నైరోబీ–లాగోస్ దారి మాత్రం గీత గీసినట్టే ఉంటుంది. రెండు ఊళ్లూ భూమధ్యరేఖకు దగ్గర్లోనే ఉన్నాయి, ఒకటి కాస్త కింద, ఒకటి కాస్త పైన. అక్కడ మ్యాపు పెద్దగా సాగదీయదు. అదే మ్యాపు పైకి పోయేకొద్దీ ఎంత సాగుతుందంటే, గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పడతాయి. అందుకే ఆఫ్రికాలో "పక్కనే కదా" అన్నమాట నమ్మకూడదు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మా హెడ్డాఫీసులో ఒకాయన, "నైరోబీలోనే ఉన్నావుగా, సాయంత్రం వెళ్లి లాగోస్‌లో ఆ హీటర్ ఒకటి మార్చేసి రా" అన్నాడు.

ఇక టైము. పెద్ద జెట్ విమానం పైకెక్కి స్థిరపడ్డాక గంటకు 840 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే, 3,830కి నాలుగున్నర గంటలు చాలాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు, దానికి కొంత. ఎయిర్‌పోర్టు లోపల నేల మీద పాకడానికి కొంత. ఎయిర్‌లైన్సు వాళ్లు టికెట్ మీద వేసేది గాల్లో ఉన్న టైము కాదు. చక్రాల కింద అడ్డుచెక్కలు తీసిన దగ్గర్నుంచి, అవతల మళ్లీ పెట్టేదాకా లెక్క. దాన్ని బ్లాక్ టైం అంటారు. అలా నాలుగున్నర కాస్తా ఐదు దాటుతుంది.

గాలి వాటం సంగతి కూడా ఉంది గానీ, మా దారిలో అది పెద్ద విషయం కాదు. భూమధ్యరేఖ దగ్గర పైగాలులు మెత్తన. అదే కైరో–కాసాబ్లాంకా తీసుకోండి, అదీ ఇంచుమించు ఇంతే దూరం, 3,700 కిలోమీటర్ల లోపు. కానీ అక్కడ చలికాలంలో పడమర నుంచి తూర్పుకి పైన గాలి ఏరులా పారుతుంది. కైరోకి వచ్చే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, కాసాబ్లాంకా వెళ్లేదాన్ని ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. పోను రాను గంట దాకా తేడా వస్తుంది. మా నైరోబీ–లాగోస్‌కి ఆ బాధ లేదు.

మరి మూడు గంటలు, ఏడు గంటలు ఎలా వచ్చాయి? లాగోస్ గడియారం నైరోబీ కంటే రెండు గంటలు వెనక. వెళ్లేటప్పుడు రెండు గంటలు ఎవరో జేబులో పెడతారు, వచ్చేటప్పుడు ముక్కుపిండి వసూలు చేస్తారు. పిల్లకి ఇంతవరకూ అర్థమైంది. "వడ్డీ లేదా?" అంది. ఉంది, పద్నాలుగు నిమిషాలు. రెండు ఊళ్ల మధ్య రేఖాంశాల తేడా ముప్పై మూడున్నర డిగ్రీల పైన. డిగ్రీకి నాలుగు నిమిషాలు చొప్పున సూర్యుడి లెక్కలో అది 2 గంటల 14 నిమిషాలు. గడియారాలు దాన్ని రెండుకి కుదించేశాయి.

సూర్యుడి లెక్క అంటే గుర్తొచ్చింది. నైరోబీ వచ్చిన మొదటి ఏడాది, లాగోస్‌కి నా రెండో ప్రయాణం. తెల్లవారుజామున మూడింటికి టాక్సీ కావాలి. అప్పటికి నాకు స్వాహిలీలో అంకెలు పది దాకా వచ్చు. ఆ ధీమాతో డ్రైవర్‌కి ఫోన్ చేసి "సా తాతు ఉసికు" అన్నాను. సా అంటే గంట, తాతు అంటే మూడు, ఉసికు అంటే రాత్రి. "సావా సావా" అన్నాడు. సరే సరే అని. ఆ రాత్రి తొమ్మిదింటికి నేను లుంగీలో అన్నం తింటుంటే గేటు దగ్గర హారన్. సూట్‌కేసు ఇంకా సర్దనే లేదు. స్వాహిలీలో గంటలు లెక్కపెట్టేది అర్ధరాత్రి నుంచి కాదు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి. ఉదయం ఏడు అంటే ఒంటిగంట, మధ్యాహ్నం పన్నెండు అంటే ఆరు. రాత్రి మూడు గంటలంటే చీకటి పడ్డాక మూడో గంట, అంటే మన తొమ్మిది. నేను అనాల్సింది "సా తీసా ఉసికు". తొమ్మిది అనాలి, మూడు రావాలంటే. డ్రైవర్ నవ్వలేదు, పాపం. మళ్లీ మూడింటికి వచ్చాడు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల పద్ధతే సబబుగా ఉంది. మన పంచాంగంలో మాత్రం రోజు సూర్యోదయంతో కాక దేనితో మొదలవుతుంది? ఘడియలూ జాములూ అన్నీ అక్కణ్ణుంచేగా. పుట్టి పెరిగిన లెక్కనే వదిలేసి, పరాయి ఊళ్లో దాని చేతిలోనే దెబ్బ తిన్నానన్నమాట.

ఇప్పుడు దారి. నేనెప్పుడూ ఎడమవైపు కిటికీ అడుగుతాను. నైరోబీలో ఎక్కిన కాసేపటికే విక్టోరియా సరస్సు వస్తుంది. ఆఫ్రికాలో అంతకన్నా పెద్ద సరస్సు లేదు. పొద్దున్నే అయితే నీళ్ల మీద ఎండ పడి పళ్లెంలా మెరుస్తుంది. ఉగాండా మీద భూమధ్యరేఖ దాటుతాం, అందులో విశేషమేమీ కనిపించదు. దారం బిగించిన గీత పట్టుకుని పోతే, గంట దాటాక కింద రువెంజోరి కొండలు. అందులో పెద్ద శిఖరం మార్గెరీటా ఎత్తు 5,109 మీటర్లు. భూమధ్యరేఖకు అంత దగ్గర్లో మంచు! నేను చూసింది రెండేసార్లు. మిగతా అన్నిసార్లూ మబ్బులే.

ఆ తర్వాత కాంగో. దీని గురించే మా అమ్మాయికి ఎక్కువ చెప్పాను. మొత్తం దారిలో మూడో వంతు ఈ ఒక్క దేశమే. గంటన్నర సేపు కిటికీలోంచి ఒకటే పచ్చదనం. ఊరు లేదు, రోడ్డు లేదు. కాలీఫ్లవర్ గడ్డలు పక్కపక్కన పేర్చినట్టు చెట్ల తలలు. మధ్యలో బూంబా అనే ఊరి దగ్గర కాంగో నది. అది దక్షిణం నుంచి వచ్చి, ఉత్తరానికి ఎంతదాకా పోవాలో అంతదాకా పోయి, అక్కడ మళ్లీ కిందకి తిరుగుతుంది. ఆ నది భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. నేను ఒక్కసారే దాటి దాని గురించి ఇంత చెప్తున్నాను.

మధ్యాహ్నం తర్వాత అయితే ఈ గంటన్నరా కుదురుగా సాగదు. ప్రపంచంలో పిడుగులు బాగా ఎక్కువగా పడే చోట్లలో కాంగో అడవి ఒకటి. తేమ, వేడి, రెండూ దండిగా ఉంటాయి. మధ్యాహ్నానికల్లా మబ్బులు మన విమానం కంటే ఎత్తుకి పెరిగిపోతాయి. పైలట్లు వాటిలోకి దూరరు, చుట్టూ తిరుగుతారు. దారం అక్కడ వంకర పోతుంది. ఒకసారి తిరుగు ప్రయాణంలో నా పక్క సీట్లో డ్యూటీలో లేని పైలట్ ఒకాయన కూర్చున్నాడు. కింద నుంచి రేడియో సరిగ్గా అందని చోట్ల, ఆఫ్రికా మీద ఎగిరే విమానాలన్నీ 126.9 అనే ఒక ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, నేను ఫలానా చోట, ఫలానా ఎత్తులో, ఫలానా వైపు పోతున్నాను అని ఎవరికి వాళ్లు గాల్లోకి చెప్పుకుంటూ పోతారట. వినే విమానం ఉంటే వింటుంది. ఘాట్ రోడ్డు మలుపులో హారన్ కొట్టినట్టు. ఆ మాట విన్న దగ్గర్నుంచి కాంగో మీద నిద్ర పట్టదు నాకు. భయం కాదు, ఇప్పుడు మనవాళ్లు ఎవరికి చెప్పుకుంటున్నారో అని ఒక ఆలోచన.

కామెరూన్ మీదుగా వెళ్తున్నప్పుడు ఎడమవైపు దూరంగా కామెరూన్ పర్వతం కనిపించాలి. 4,000 మీటర్ల పైచిలుకు అగ్నిపర్వతం, సముద్రం పక్కనే. "కనిపించాలి" అని ఎందుకన్నానంటే, ఇన్నేళ్లలో నాకు కనిపించలేదు. అప్పటికే టీ కప్పులు ఏరుకుంటుంటారు. నైజీరియాలో అడుగుపెట్టి నైజర్ నది దాటితే, ఇక దిగడమే.

ఈ దారిలో వెళ్లే విమానం దొరికితే సంగతి ఇది. దొరకని వారాలూ ఉంటాయి. అప్పుడు అడిస్ అబాబా మీదుగా వెళ్లాలి. ఉత్తరానికి 1,160 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి లాగోస్‌కి 3,900 పైన. మొత్తం 5,080. ఇది పర్లేదు. మా కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడికి ఒకసారి ట్రావెల్ ఏజెంటు దుబాయ్ మీదుగా వేశాడు. నైరోబీ నుంచి దుబాయ్ 3,560, అక్కణ్ణుంచి లాగోస్ 5,900. అంటే లాగోస్ ఎంత దూరమో ఇంచుమించు అంత దూరం వేరే వైపుకి వెళ్లి, వేరే ఖండంలో దిగి, అప్పుడు లాగోస్‌కి బయలుదేరాలి. పైగా ఆ టికెట్టే చవక అని ఏజెంటు వాదన. నా పాలిట ఆఫ్రికాలో దూరం అంటే ఇదే. కిలోమీటర్లు కాదు, నేరుగా వెళ్లే విమానం వారానికి ఎన్ని రోజులుంది అన్నది. ఈ సంగతి పెద్దవాళ్లకి తెలియక కాదు. 1999లోనే ఐవరీ కోస్ట్‌లోని యమౌసుక్రోలో ఆఫ్రికా దేశాలు కూర్చుని, ఒకరి ఆకాశం ఒకరికి తెరుద్దామని నిర్ణయం చేశాయి. మళ్లీ 2018 జనవరిలో 23 దేశాలు ఒకే విమాన మార్కెట్ అని మొదలుపెట్టాయి. కెన్యా, నైజీరియా రెండూ అందులో ఉన్నాయి. అయినా నేను ఇప్పటికీ ముందు విమానం ఏ రోజుందో చూసుకుని, ఆ తర్వాతే మెషీన్ ఎప్పుడు బాగుచేస్తానో చెప్తాను.

రోడ్డు మీద ఎంత అని కూడా అడిగింది పిల్ల. లాగోస్ నుంచి మొంబాసా దాకా ఒక మహా రహదారి కాగితం మీద ఉంది, ఆరువేల కిలోమీటర్ల పైన. కాంగోలో దాని పరిస్థితి ఏంటో కిటికీలోంచి చూసినవాణ్ణి కాబట్టి, "వద్దులే" అన్నాను.

ఇక టికెట్ మీద రాయని ముచ్చట్లు. ఒక జనవరిలో సరిగ్గా టైముకి లాగోస్ మీదకి చేరాం. కానీ కింద లాగోస్ లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా నుంచి హర్మట్టన్ అనే పొడి గాలి వీస్తుంది. దానితో పాటు వచ్చే సన్నటి దుమ్ము ఊరి మీద పల్చటి గోధుమరంగు దుప్పటిలా కప్పుతుంది. రన్‌వే కనిపించదు. అరగంట గిరగిరా తిరిగి, చివరికి 400 కిలోమీటర్ల అవతల ఘనాలోని అక్రాలో దించారు. దించారంటే విమానాన్ని దించారు, మమ్మల్ని కాదు. అక్రా గడియారం లాగోస్ కంటే ఇంకో గంట వెనక. నా చేతి గడియారంలో ఒంటిగంటంబావు, నేను వెళ్లాల్సిన ఊళ్లో పదకొండుంబావు, నేను కూర్చున్న ఊళ్లో పదింబావు. ఏ టైము ప్రకారం ఆకలేయాలో తెలియలేదు. మూడు గంటలు అలాగే కూర్చోబెట్టారు. ఒక్క మంచినీళ్ల గ్లాసు ఇచ్చారు. ఎయిర్‌లైన్సు పేరు చెప్పను, మళ్లీ వాళ్ల విమానమే ఎక్కాలి. దుమ్ము పలచబడ్డాక లాగోస్‌లో దిగేసరికి అక్కడి టైము మూడు. ఫ్యాక్టరీ వాళ్లు నా కోసం ఆపిన లైను రెండింటికే మళ్లీ స్టార్ట్ చేసేశారట.

అంతా సవ్యంగా జరిగిన రోజు కూడా లెక్క ఇలా ఉంటుంది. ఇంట్లో బయలుదేరేది తెల్లవారుజామున మూడింటికి. విమానం ఏడుకి. లాగోస్‌లో దిగాక ముందు ఎల్లో ఫీవర్ కార్డు చూపించాలి. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు, చెల్లడం మొదలైతే మాత్రం జీవితాంతం. తర్వాత ఇమిగ్రేషన్, తర్వాత సూట్‌కేసు, తర్వాత నా సూట్‌కేసులో ఉన్న సెన్సర్లూ టెఫ్లాన్ బెల్టులూ ఏంటో కస్టమ్స్ వాళ్లకి వివరించడం. వీటికి గంటన్నర. బయట పడితే ఇకేజా, లాగోస్‌లో ఎయిర్‌పోర్టు ఉన్న పేట. నేను దిగే హోటల్ విక్టోరియా ఐలాండ్‌లో. మధ్యలో మడుగు మీద థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి, దాదాపు 12 కిలోమీటర్లు, 1990లో పూర్తయింది. ఎక్కితే ఒకవైపు నీళ్లలో కర్రల మీద నిలబడ్డ మకోకో ఇళ్లు, పైన వంటల పొగ. ట్రాఫిక్ జామ్‌ని అక్కడ గో-స్లో అంటారు. అంత మర్యాదైన పేరు దానికి ఎవరు పెట్టారో. ఆగిన కార్ల మధ్య అరటి చిప్స్ నుంచి ఫోన్ చార్జర్ దాకా అన్నీ అమ్ముతారు. పాతిక కిలోమీటర్లకి రెండు గంటలు పడితే ఆ రోజు మంచి రోజు. మొత్తం కలిపి ఇంటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మానికి పన్నెండు గంటల నలభై నిమిషాలు. అందులో 3,830 కిలోమీటర్లకి ఐదు, మిగతా నలభై చిల్లరకి ఏడున్నర పైన.

నా మొదటి ప్రయాణంలో ఎయిర్‌పోర్టు బయట నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డ డ్రైవర్, నన్ను చూడగానే "ఓగా, హౌ ఫార్?" అన్నాడు. ఓగా అంటే బాస్ అని. ఎంత దూరం నుంచి వచ్చానని అడుగుతున్నాడనుకున్నాను. "త్రీ థౌజండ్ ఎయిట్ హండ్రెడ్ కిలోమీటర్స్, ఫైవ్ అవర్స్" అని శ్రద్ధగా చెప్పాను. ఆయన నా సూట్‌కేసు కింద పెట్టి మరీ నవ్వాడు. పక్కనున్న వాళ్లకి కూడా చెప్పాడు, వాళ్లూ నవ్వారు. వాళ్ల పిడ్జిన్‌లో హౌ ఫార్ అంటే ఏంటి సంగతులు, ఎలా ఉన్నావు అని. దానికి "ఐ డే" అనాలి. ఉన్నాను అని. ఆ డ్రైవరే ఇప్పటికీ వస్తాడు. ఇప్పటికీ నన్ను చూడగానే "ఓగా, హౌ మెనీ కిలోమీటర్స్?" అంటాడు.

ఈ బుధవారం మళ్లీ వెళ్తున్నాను. గ్లోబు మీద దారం ఇంకా అలాగే ఉంది, మా అమ్మాయి టేపు వేసి అంటించింది. గంటకొక ముడి వేసింది, నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడో చూసుకోవడానికట. మొదటి ముడి రువెంజోరికి కాస్త ఇవతల, మూడోది కాంగో దాటీ దాటనట్టు. లాగోస్ తర్వాత మిగిలిన దారం కొస సముద్రంలోకి వేలాడుతోంది. దానికి కూడా రెండు ముడులున్నాయి. అవేంటని అడిగాను.

"బ్రిడ్జి" అంది.